ర్యామ్ బాక్స్ మీద నంబర్‌కీ ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కీ అసలు లింకేంటి?

2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు చూస్తే కొత్తగా పీసీ బిల్డ్ చేసుకుందామనుకునే వాళ్లకి గుండె గుభేల్‌మంటోంది. ఏఐ డేటాసెంటర్లకి కావాల్సిన హెచ్‌బీఎం (ఏఐ చిప్‌ల పక్కనే పెట్టే వేగమైన మెమరీ), సర్వర్ మెమరీ వైపు చిప్ ఫ్యాక్టరీలు మళ్లిపోయాయి. మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో ‘క్రూషియల్’ పేరుతో మనలాంటి మామూలు కొనుగోలుదారులకి అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇలాంటి టైమ్‌లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా ఒకటే గందరగోళం: ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ చేద్దామనుకుంటున్నాను (అంటే కంపెనీ పెట్టిన స్పీడ్ కన్నా పెంచి నడపడం), 6000 ర్యామ్ చాలా, 8000 కావాలా, సీఎల్36 బదులు సీఎల్30కి ఎక్కువ పెట్టడం దండగా కాదా?

ఇందులో రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి. ప్రాసెసర్ కోర్ల స్పీడ్ పెంచడం ఒకటి, ర్యామ్ స్పీడ్ పెంచడం ఇంకోటి. ఇప్పటి డెస్క్‌టాప్‌లలో మొదటిదానికి ఖరీదైన ర్యామ్ అస్సలు అక్కర్లేదు. మామూలు 4800 స్టిక్స్ పెట్టి కూడా కోర్లని 5 గిగాహెర్ట్జ్ దాటించొచ్చు. మరి ‘ఓవర్‌క్లాకింగ్‌కి మంచి ర్యామ్ ఉండాలి’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఒకప్పుడు అది అక్షరాలా నిజం కాబట్టి.

ఎఫ్‌ఎస్‌బీ రోజుల్లో ర్యామ్ ఆగితే ప్రాసెసర్ ఆగేది

2006లో వచ్చిన ఇంటెల్ కోర్ 2 డుయో ఈ6300 తీసుకుందాం. దాని బస్ (ఎఫ్‌ఎస్‌బీ, అంటే ప్రాసెసర్‌ని మిగతా బోర్డుతో కలిపే ఫ్రంట్ సైడ్ బస్) క్లాక్ 266 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 7, రెండూ గుణిస్తే దాదాపు 1.86 గిగాహెర్ట్జ్. మల్టిప్లయర్‌ని పైకి జరిపే వీల్లేదు, అది లాక్. స్పీడ్ పెంచాలంటే మిగిలిన దారి ఆ బస్ క్లాక్ పెంచడమే. దాన్ని 400కి తీసుకెళ్తే 400 × 7 = 2.8 గిగాహెర్ట్జ్, అంటే దాదాపు 50 శాతం ఎక్కువ, పైసా ఖర్చు లేకుండా. చిక్కేంటంటే ర్యామ్ క్లాక్ కూడా అదే బస్‌కి ముడిపడి ఉండేది. 266 దగ్గర డీడీఆర్2-533 సరిపోయేది కాస్తా 400కి వెళ్లేసరికి డీడీఆర్2-800 కావాల్సి వచ్చేది, చాలా బోర్డుల్లో ర్యామ్‌ని బస్ కంటే నెమ్మదిగా నడిపే సెట్టింగ్ కూడా ఉండేది కాదు. డీడీఆర్2-667 కొన్నవాడు 333 దగ్గర, అంటే 2.33 గిగాహెర్ట్జ్ దగ్గర చిక్కుకుపోయేవాడు, ప్రాసెసర్‌లో ఇంకా దమ్మున్నా సరే.

2011లో శాండీ బ్రిడ్జ్‌తో ఈ ముడి దాదాపు తెగిపోయింది. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ దగ్గర బిగించేశారు, ‘కే’ అక్షరం ఉన్న మోడళ్లకి మల్టిప్లయర్ తెరిచి ఇచ్చారు. కోర్ల స్పీడ్ ఒక సెట్టింగ్, ర్యామ్ స్పీడ్ ఇంకో సెట్టింగ్. ఏఎండీ రైజెన్‌లో కూడా అంతే. పాత సలహా మాత్రం అలాగే చెలామణీ అవుతోంది.

ఇప్పుడు ర్యామ్ ఎంపిక ఎందుకు ముఖ్యమంటే, కోర్లు ఎంత వేగంగా పరిగెత్తినా డేటా రాకపోతే చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే కాబట్టి. ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్ ఫలితం చూపించాలంటే ర్యామ్ దానికి తగ్గట్టుండాలి. ఆ ‘తగ్గట్టు’ ఎంత అన్నదే అసలు ప్రశ్న.

బాక్స్ మీద 6000 అని ఉంటే పీసీలో పెట్టగానే 6000 రాదు

డీడీఆర్5-6000లో 6000 అంటే సెకనుకి ఎన్ని మిలియన్ సార్లు డేటా మారుతుందో ఆ లెక్క. ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా వెళ్తుంది కాబట్టి అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జ్. పీసీ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ తెరిచి 3000 చూసి మోసపోయాం అని కంగారుపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, కంగారు అక్కర్లేదు.

మెమరీ ప్రమాణాలు రాసేది జెడెక్ అనే సంస్థ. డీడీఆర్5 ప్రమాణాన్ని 2020 జులైలో విడుదల చేసింది, అందులో వోల్టేజ్ 1.1. మీ 6000 స్టిక్ పెట్టి ఆన్ చేస్తే అది ముందు ఈ జెడెక్ సెట్టింగ్‌తో, సాధారణంగా 4800 దగ్గర లేచి కూర్చుంటుంది. 6000 అనేది కంపెనీ విడిగా రాసి పెట్టిన ప్రొఫైల్. ఇంటెల్ 2007లో డీడీఆర్3 కాలంలో తెచ్చిన ఎక్స్‌ఎంపీ, ఏఎండీ 2022లో రైజెన్ 7000తో తెచ్చిన ఎక్స్‌పో, రెండూ ఇలాంటి ప్రొఫైళ్లే. బయోస్‌లోకి (మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ఆన్ చేస్తే స్పీడ్, టైమింగ్స్ (ఒక్కో పనికి ఎన్ని క్లాక్‌లు ఆగాలన్న లెక్కలు), వోల్టేజ్ మూడూ ఒకేసారి మారతాయి, 6000 కిట్లకి మామూలుగా 1.35 వోల్ట్ దగ్గరకి. ఇది ఆన్ చెయ్యకుండా ఏళ్ల తరబడి 4800లో వాడేసేవాళ్లు లెక్కలేనంత మంది. ఖరీదైన ర్యామ్ కొనడం కన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే.

ఇంకో సంగతి బాక్స్ మీద కనిపించదు. ప్రొఫైల్ ఆన్ చెయ్యడం కూడా ఓవర్‌క్లాకింగే. ప్రాసెసర్ కంపెనీ అధికారికంగా ఒప్పుకునే స్పీడ్ వేరు: రైజెన్ 7000కి 5200, రైజెన్ 9000కి 5600, ఇంటెల్ 14వ తరం కే మోడళ్లకి 5600. అంతకు మించి నడవాలంటే ర్యామ్ ఒక్కటే బాగుంటే చాలదు. ప్రాసెసర్ లోపల మెమరీ కంట్రోలర్ ఉంటుంది, అది కూడా ఆ స్పీడ్‌ని తట్టుకోవాలి. కంట్రోలర్లు అన్నీ ఒకేలా ఉండవు, ఒకే మోడల్ ప్రాసెసర్లు రెండు కొన్నా ఒకటి 6400 హాయిగా నడిపితే ఇంకోటి 6200 దగ్గరే మొరాయించొచ్చు. కాబట్టి 8000 అని రాసిన కిట్ గ్యారంటీ స్టిక్ వరకే, మీ పీసీ మొత్తానికి కాదు.

సీఎల్ నంబర్‌ని నానోసెకన్లలోకి మారిస్తే

సీఎల్ అంటే అడిగిన డేటా మొదటి ముక్క రావడానికి ఎన్ని క్లాక్‌లు ఆగాలో ఆ సంఖ్య. క్లాక్‌ల సంఖ్యని మాత్రమే చూస్తే డీడీఆర్4 సీఎల్16 ముందు డీడీఆర్5 సీఎల్30 ఏదో వెనకబడినట్టు కనిపిస్తుంది. అసలు సమయం కావాలంటే సీఎల్‌ని 2000తో గుణించి, బాక్స్ మీద స్పీడ్‌తో భాగించాలి.

డీడీఆర్5-6000 సీఎల్30: 30 × 2000 ÷ 6000 = 10 నానోసెకన్లు. డీడీఆర్4-3200 సీఎల్16 కూడా సరిగ్గా 10. ఇరవై ఏళ్ల కిందటి డీడీఆర్-400 సీఎల్2 స్టిక్స్‌కి లెక్కేసినా అదే 10! ఇన్నేళ్లలో పెరిగింది ఒకేసారి ఎంత డేటా వస్తుందన్నదే, మొదటి ముక్క కోసం ఆగే సమయం పెద్దగా కదల్లేదు. అదే డీడీఆర్5-4800 సీఎల్40 అయితే 16.7 నానోసెకన్లు, ఇది నిజంగానే నెమ్మది. 6000 సీఎల్36 అయితే 12, 7200 సీఎల్34 అయితే 9.4, 8000 సీఎల్38 అయితే 9.5.

మరి సీఎల్30కీ సీఎల్36కీ మధ్య 10 నుంచి 12, అంటే 20 శాతం తేడా కదా అనిపిస్తుంది. ఇక్కడే రెండు సంగతులు కలపాలి. ప్రాసెసర్ కోర్ నుంచి ర్యామ్ దాకా వెళ్లి రావడానికి పట్టే మొత్తం సమయం ఇప్పటి డెస్క్‌టాప్‌లలో సుమారు 60 నుంచి 80 నానోసెకన్లు, అందులో ఎక్కువ భాగం క్యాష్‌లు (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న వేగమైన మెమరీ), లోపలి దారులు, కంట్రోలర్ దగ్గరే ఖర్చవుతుంది. అంత ప్రయాణంలో 2 నానోసెకన్లంటే 3 శాతం చుట్టుపక్కల.

రెండోది ఇంకా ఆసక్తికరం. చిప్ లోపల డేటా వరుసలుగా ఉంటుంది. తెరిచి ఉన్న వరుసలోదే కావాలంటే సీఎల్ ఒక్కటే పడుతుంది. వేరే వరుసలోది కావాలంటే ముందు తెరిచి ఉన్నదాన్ని ముయ్యాలి, దానికి టీఆర్‌పీ, కొత్తది తెరవాలి, దానికి టీఆర్‌సీడీ, ఆ తర్వాత సీఎల్. బాక్స్ మీద 30-38-38-96 అని ఉంటే మొదటి మూడూ వరుసగా సీఎల్, టీఆర్‌సీడీ, టీఆర్‌పీ. వాటిని కూడితే 106 క్లాక్‌లు, 6000 స్పీడ్‌లో 35.3 నానోసెకన్లు. ఇప్పుడు ‘చవక’ కిట్ 36-36-36-96 చూడండి: 108 క్లాక్‌లు, 36 నానోసెకన్లు. తేడా ముప్పావు నానోసెకన్ కూడా లేదు! సీఎల్30 అని పెద్ద అక్షరాలతో రాసినదానికి ఎక్కువ ధర అడుగుతుంటే పక్కనున్న రెండు నంబర్లు కూడా చదవాలి. అదే 30-36-36 కిట్ అయితే 102, అది కొంచెం నయం.

సీఎల్30 కిట్‌ని వెనకేసుకొచ్చే వాళ్ల వాదనలో కూడా నిజముంది. వాళ్లు కొనేది ఆ నంబర్‌ని కాదు, దాని వెనకున్న చిప్‌ని. ఆ సంగతి కాసేపట్లో.

ఏఎండీలో అందరూ 6000 దగ్గరే ఎందుకు ఆగుతారు

రైజెన్ 7000, 9000లలో మూడు క్లాక్‌లు చూడాలి. ర్యామ్ క్లాక్, మెమరీ కంట్రోలర్ క్లాక్, ప్రాసెసర్ లోపలి ముక్కల్ని కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ క్లాక్ అంటే ఎఫ్‌క్లాక్. 6000 ర్యామ్‌తో ర్యామ్ 3000, కంట్రోలర్ కూడా 3000, అంటే 1:1. ఎఫ్‌క్లాక్ విడిగా 2000 దగ్గర ఉంటుంది. 6000 దాటి కొంతవరకు, అదృష్టం బాగుంటే 6400 దాకా కంట్రోలర్ 1:1లో వస్తుంది. ఆ పైన తట్టుకోలేక సగం స్పీడ్‌కి దిగిపోతుంది. 7200 ర్యామ్ పెట్టి 1:2లో నడిపితే ర్యామ్ 3600, కంట్రోలర్ 1800. 6000తో 3000లో నడిచే కంట్రోలర్‌ని 1800కి దించినట్టు. ఎక్కువ డబ్బు పెట్టి ఆలస్యం కొనుక్కున్నట్టే అవుతుంది. 8000కి వెళ్తే కంట్రోలర్ 2000కి చేరుతుంది, అక్కడికి కొన్ని పనుల్లో 6000తో సమానంగానో కాస్త ముందో ఉంటుంది. రైజెన్ 7000 వచ్చినప్పుడు ఏఎండీ తనే 6000ని అనువైన స్పీడ్‌గా చెప్పడానికి కారణం ఇదే.

ఇంకో లెక్క చూస్తే విషయం పూర్తిగా తేలిపోతుంది. రెండు ఛానళ్లలో (ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కి డేటా వెళ్లే రెండు దారుల్లో) 6000 ర్యామ్ ఇవ్వగలిగేది 8 బైట్లు × 6000 × 2, అంటే సెకనుకి 96 గిగాబైట్లు. కానీ 7800ఎక్స్‌3డీ, 9700ఎక్స్ లాంటి ఒకే కోర్ ముక్క ఉన్న ప్రాసెసర్లలో ఆ ముక్క ఎఫ్‌క్లాక్ ఒక్కో టిక్‌కి 32 బైట్లే చదవగలదు. 2000 మెగాహెర్ట్జ్ దగ్గర అది 64 గిగాబైట్లు. ర్యామ్ ఇవ్వగలిగిన 96లో 64 మాత్రమే లోపలికి వెళ్తుంటే 8000 పెట్టి దాన్ని 128 చేసి ఏం లాభం? అందుకే ఈ ప్రాసెసర్లలో ఎఫ్‌క్లాక్‌ని 2000 నుంచి 2133కి తీసుకెళ్లగలిగితే, దానికి అదనపు ఖర్చేమీ లేదు, వచ్చే లాభం చాలాసార్లు కిట్ మార్చినదానికంటే మెరుగు.

ఇంకా ఏఎమ్4 అనే పాత సాకెట్‌లో ఉన్న రైజెన్ 5000 వాళ్లకి ఇదే సూత్రం 3600 దగ్గర పనిచేస్తుంది: ర్యామ్, కంట్రోలర్, ఎఫ్‌క్లాక్ మూడూ 1800లో కలిసి నడుస్తాయి. కొన్ని ప్రాసెసర్లు 3800 వరకు వస్తాయి.

ఇంటెల్ దారి వేరు

ఇంటెల్‌లో ఈ నిష్పత్తిని గేర్ అంటారు. 12, 13, 14 తరాల్లో డీడీఆర్5 ఎలాగూ గేర్ 2లోనే, అంటే కంట్రోలర్ సగం స్పీడ్‌లోనే నడుస్తుంది. కాబట్టి ఏఎండీలో లాగా ఒక స్పీడ్ దాటగానే దబ్బున పడిపోవడం ఉండదు, 6000 నుంచి 7200 వరకు పెంచుతూ పోతే లాభం పెరుగుతూ పోతుంది. ఇక్కడ అడ్డుపడేది ఎక్కువగా మదర్‌బోర్డ్. నాలుగు స్లాట్ల బోర్డుల్లో 7200 దాటడం కష్టమవుతుంది. ఓవర్‌క్లాకర్లు రెండే స్లాట్లున్న బోర్డులు ఏరి కొనేది అందుకే, సిగ్నల్ దారి చిన్నగా శుభ్రంగా ఉంటుంది.

2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్‌తో సీయూడిమ్ అనే కొత్త రకం స్టిక్స్ ప్రచారంలోకి వచ్చాయి. స్టిక్ మీదే క్లాక్ సిగ్నల్‌ని శుభ్రం చేసి పంపే చిన్న చిప్ ఉంటుంది, 8000 పైన నడపడానికి అది బాగా పనికొస్తుంది. 2025లో ఇంటెల్ ‘200ఎస్ బూస్ట్’ పేరుతో 8000 వరకు వారంటీ పోకుండా నడుపుకునే ప్రొఫైల్ కూడా ఇచ్చింది. ఏఎండీ రైజెన్ 7000, 9000లలో మాత్రం ఆ చిన్న చిప్‌ని పక్కకి తప్పించి మామూలు స్టిక్ లాగే వాడతారు కాబట్టి అక్కడ దానికి అదనంగా పెట్టే డబ్బు వృథానే.

చిప్‌సెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కోర్లని ఓవర్‌క్లాక్ చెయ్యాలంటే కే ప్రాసెసర్‌తో పాటు జెడ్ సిరీస్ బోర్డ్ కావాలి. బీ760లో కోర్ల మల్టిప్లయర్ లాక్, కానీ ర్యామ్ స్పీడ్ పెంచుకోవచ్చు. హెచ్610లో అదీ కుదరదు. హెచ్610 బోర్డ్‌లో 7200 కిట్ పెట్టినవాళ్ల స్క్రీన్‌షాట్లు చూస్తే జాలేస్తుంది.

తేడా నిజంగా ఎక్కడ కనబడుతుంది

‘ర్యామ్ స్పీడ్ అంతా మార్కెటింగే’ అనేవాళ్లున్నారు, ‘ర్యామ్ ట్యూన్ చెయ్యని ఓవర్‌క్లాకింగ్ ఓవర్‌క్లాకింగే కాదు’ అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ తమ తమ పీసీలో చూసిందే చెప్తున్నారు.

4కే రిజల్యూషన్‌లో గేమ్ ఆడితే బరువంతా గ్రాఫిక్స్ కార్డ్ మీదే పడుతుంది, ర్యామ్ మార్చినా ఫ్రేమ్‌లు కదలవు. బ్లెండర్, సినీబెంచ్ లాంటి రెండరింగ్ పనుల్లో డేటా చాలావరకు క్యాష్‌లోనే దొరుకుతుంది, అక్కడా అంతే. 7800ఎక్స్‌3డీ, 9800ఎక్స్‌3డీ లాంటివాటిలో 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ ఉంటుంది, ర్యామ్ దాకా వెళ్లాల్సిన అవసరమే తగ్గిపోతుంది కాబట్టి నెమ్మది ర్యామ్‌ని అది బాగా కప్పిపుచ్చుతుంది. ఎక్స్‌3డీ కొన్నవాడికి ఖరీదైన కిట్ అమ్మే షాపు వాడి తెలివిని మెచ్చుకోవాల్సిందే.

ఎక్స్‌3డీ కాని ప్రాసెసర్‌తో 1080పీలో ఎక్కువ ఫ్రేమ్‌ల కోసం ఆడే షూటర్ గేమ్‌లు, పెద్ద సిమ్యులేషన్ గేమ్‌లు, 7-జిప్ లాంటి కంప్రెషన్, వీటిలో మాత్రం తేడా బాగానే తెలుస్తుంది, ముఖ్యంగా మధ్యమధ్యలో ఫ్రేమ్‌లు పడిపోయే ఇబ్బంది తగ్గుతుంది. ఇక రైజెన్ 7 8700జీ లాంటి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్లకి విడిగా వీడియో మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటాయి. అక్కడ ర్యామ్ స్పీడ్ పెరిగితే గేమ్ స్పీడ్ దాదాపు నేరుగా పెరుగుతుంది. ఒకే స్టిక్ పెట్టి నడిపేవాళ్లు అక్కడ సగం బ్యాండ్‌విడ్త్ పోగొట్టుకుంటున్నట్టే.

చిప్ ఎవరిది, స్టిక్స్ ఎన్ని

ర్యామ్ అమ్మే బ్రాండ్లు డజన్లకొద్దీ ఉన్నా లోపలి మెమరీ చిప్‌లు తయారుచేసేది ప్రధానంగా శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. డీడీఆర్4లో ఓవర్‌క్లాకర్లు శామ్‌సంగ్ బీ-డై అనే చిప్ రకం కోసం పడి చచ్చేవాళ్లు, 3200 స్పీడ్‌లో 14-14-14 అని కనబడితే అది బీ-డై అని దాదాపు ఖాయం. డీడీఆర్5లో ఆ స్థానం హైనిక్స్ ఏ-డై, ఎమ్-డైలది. 6000 సీఎల్30 కిట్లలో చాలావరకు హైనిక్సే ఉంటుంది, సీఎల్36లో ఏ చిప్ వస్తుందో చెప్పలేం. పైన చెప్పిన సీఎల్30 వాదన ఇదే: ప్రొఫైల్ ఆన్ చేసి వదిలేసేవాళ్లకి రెండూ ఒకటే, కానీ చేత్తో టైమింగ్స్ ఒక్కొక్కటే బిగించుకునేవాళ్లకి హైనిక్స్ చిప్ ఇంకా చాలా కిందికి వస్తుంది. అయితే ఒకే మోడల్ నంబర్‌తో బ్యాచ్ మారగానే లోపలి చిప్ మార్చేసే అలవాటు ఈ బ్రాండ్లకి ఉంది.

చాలామంది దెబ్బతినేది స్టిక్‌ల సంఖ్య దగ్గరే. రైజెన్ 7000లో రెండు స్టిక్స్‌కి అధికారిక స్పీడ్ 5200, నాలుగు పెడితే 3600! ఇప్పుడు 2×16 కొని, తర్వాత ధరలు తగ్గాక ఇంకో 2×16 వేద్దాం అనేది డీడీఆర్3 కాలంలో మంచి ప్లానే, ఇప్పుడు కాదు. నాలుగూ ఒకే మోడల్ అయినా 6000లో నిలబడకపోవచ్చు, విడివిడిగా కొన్న కిట్లు కలిసి నడుస్తాయని ఏ కంపెనీ హామీ ఇవ్వదు. 8 జీబీ డీడీఆర్5 స్టిక్స్‌లో ఇంకో తిరకాసు ఉంది. వాటిలో వాడే చిప్ రకంలో బ్యాంక్ గ్రూపులు (పనిని పంచుకునే లోపలి భాగాలు) ఎనిమిది బదులు నాలుగే ఉంటాయి, అదే స్పీడ్, అదే టైమింగ్స్ రాసి ఉన్నా పని కాస్త నెమ్మది. కాబట్టి 16 జీబీతో సరిపెట్టుకోవాల్సిన పరిస్థితిలో కూడా 2×8 కిట్ అంత గొప్ప బేరం కాదు, అలాగని ఒకే 16 స్టిక్ వేస్తే ఒక ఛానల్ పోతుంది. ధరలు ఇలా ఉన్నప్పుడు ఈ రెంటిలో ఏది నయమో బడ్జెట్‌ని బట్టి, ఆడే గేమ్‌ని బట్టి మారుతుంది.

నడుస్తోంది అంటే నిలబడినట్టు కాదు

కోర్ ఓవర్‌క్లాక్ తేడా కొడితే పీసీ హ్యాంగ్ అవుతుంది, బ్లూ స్క్రీన్ వస్తుంది, తెలిసిపోతుంది. ర్యామ్ తేడా కొడితే కొన్నిసార్లు ఏమీ తెలియదు, చప్పుడు లేకుండా ఫైళ్లు పాడవుతాయి. డీడీఆర్5 చిప్‌లలో ఆన్-డై ఈసీసీ (తప్పుల్ని సరిచేసే ఏర్పాటు) ఉంది కదా అంటారు. అది చిప్ లోపలి తప్పుల్నే సరిచేస్తుంది, చిప్ నుంచి ప్రాసెసర్ దాకా వచ్చే దారిలో జరిగే తప్పుల్ని కాదు. ఓవర్‌క్లాక్‌లో దెబ్బతినేది ముఖ్యంగా ఆ దారే. కోర్లు, ర్యామ్ రెండూ ఒకే రోజు పెంచేసి క్రాష్ వస్తే దోషం ఎవరిదో తేల్చడం తలనొప్పి, అందుకే అనుభవమున్నవాళ్లు ముందు ర్యామ్‌ని మెమ్‌టెస్ట్86, టెస్ట్‌మెమ్5 లాంటివాటితో గంటల తరబడి పరీక్షించి, తర్వాతే కోర్ల మీద చెయ్యి వేస్తారు.

వోల్టేజ్ విషయంలో 2023 ఏప్రిల్ నాటి సంగతి గుర్తుంచుకోవాలి. కొన్ని రైజెన్ 7000ఎక్స్‌3డీ ప్రాసెసర్లు కాలిపోయిన ఫొటోలు బయటికొచ్చాయి. ఎక్స్‌పో ఆన్ చెయ్యగానే కొన్ని బోర్డులు మెమరీ కంట్రోలర్‌కి వెళ్లే ఎస్‌ఓసీ వోల్టేజ్‌ని మరీ ఎక్కువగా పెంచేస్తున్నాయని తేలింది. ఏఎండీ దాన్ని 1.3 వోల్ట్ దాటకుండా కట్టడి చేస్తూ బోర్డు కంపెనీలకి బయోస్ అప్‌డేట్ ఇచ్చింది. ఆ కాలంలో తయారైన బోర్డ్ సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ప్రొఫైల్ ఆన్ చెయ్యకముందే బయోస్ ఎప్పటిదో చూసుకోవడం మంచిది.

ఇక మన ఎండల సంగతి. ర్యామ్ సెల్‌లో ఛార్జ్ కారిపోతూ ఉంటుంది కాబట్టి మెమరీని మాటిమాటికీ రిఫ్రెష్ చెయ్యాలి, వేడి పెరిగితే ఇంకా తొందరగా కారుతుంది. జెడెక్ లెక్క ప్రకారం చిప్ 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ రెట్టింపు చెయ్యాలి. ఓవర్‌క్లాకర్లు చేసేది దీనికి రివర్స్: టీఆర్ఈఎఫ్ఐ అనే విలువ పెంచి రిఫ్రెష్‌ల మధ్య వ్యవధి సాగదీస్తారు, దాంతో స్పీడ్ బాగానే పెరుగుతుంది. దానికితోడు 1.4 వోల్ట్‌లు, స్టిక్ మీదే ఉండే పవర్ చిప్ వేడి, పక్కనే గ్రాఫిక్స్ కార్డ్ వదిలే గాలి. ఇంటర్నెట్‌లో దొరికే టైమింగ్స్ పట్టికలు ఎక్కువగా 20 డిగ్రీల గదిలో కూర్చుని రాసినవి. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో రాత్రంతా టెస్ట్ పాసైన టీఆర్ఈఎఫ్ఐ, మే నెలలో ఏసీ లేని విజయవాడ గదిలో గంట గేమ్‌కే ఎర్రర్లు ఇవ్వడంలో వింతేమీ లేదు. టెస్ట్ నడిపేటప్పుడు గ్రాఫిక్స్ కార్డ్‌కి కూడా లోడ్ ఇచ్చి స్టిక్స్ ఎంత వేడెక్కుతున్నాయో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో చూసేది అందుకే. అక్కడ 50 డిగ్రీలు దాటి పైకి పోతుంటే చాలా సెటప్‌లలో ముందు వెనక్కి తగ్గించాల్సి వచ్చేది ఈ విలువే, సీఎల్ జోలికి వెళ్లాల్సిన పని ఉండదు.